చిలుకమ్మ అనుమానం

బరువు చూసే మిషన్‌ను తడిగుడ్డతో తుడిచి గోడవారకు జరిపాక, చిలుకమ్మ చెప్పులు విడిచి తానే ఒకసారి దాని మీదికెక్కింది. నిన్నటి అంకే కనబడింది. నమ్మకం చాలక దిగి మళ్ళీ ఎక్కింది. అదే అంకె. అప్పుడు గానీ దాన్ని వదిలిపెట్టలేదు. అంకెలు కనబడేచోట అట్టముక్క అంటించి, మూలలు బొటనవేలితో నొక్కింది.

ఆ అట్ట పిల్లల కోసం. మిషన్ ఎక్కినవాళ్ళకు తమ బరువెంతో తెలియకూడదు. వాళ్ళు గోడకు మొహం పెట్టి నిలబడతారు. చిలుకమ్మ వంగి, అట్ట ఎత్తి చూసి, అంకెను చీటీ మీద రాసి, నాలుగు మడతలు పెట్టి పద్మలత మేడమ్‌కు అందిస్తుంది. నోటితో చెప్పకూడదు. మొహంలో కూడా తెలియనివ్వకూడదు. ఇది మేడమ్ పెట్టిన మొదటి నియమం. చిలుకమ్మకు అంకెలు తప్ప రాయడం రాదు గనుక, చీటీల మీద పేర్లుండవు. ఎవరి చీటీ ఎవరిదో ఆమె గుర్తుపెట్టుకుంటుంది.

హన్మకొండలో కళ్ళజోళ్ళ దుకాణం పైన రెండో అంతస్తులో మూడు గదులు. బయట బోర్డు మీద ‘కౌన్సెలింగ్’ అన్న ఒక్క మాటే ఉంది. అన్నం మానేసిన పిల్లలు, తిన్నది కక్కేసుకునే పిల్లలు, ఎవరూ చూడకుండా గిన్నెడు తిని తర్వాత తలుపేసుకుని ఏడ్చే పిల్లలు ఇక్కడికి వస్తారు. వాళ్ళను తీసుకొచ్చే తల్లిదండ్రులు మెట్లెక్కేముందు వెనక్కి తిరిగి చూస్తారు. చుట్టాలకు పళ్ళ డాక్టరనో, చర్మం డాక్టరనో చెబుతారు.

చిలుకమ్మకు యాభై రెండేళ్ళు. పొట్టి మనిషి, వెడల్పాటి చేతులు. కుడికన్ను ఎడమకన్ను కంటే కాస్త చిన్నది కావడంతో, ఊరికే చూసినా ఎవరినో శంకిస్తున్నట్టే కనబడుతుంది. నిజానికి ఆమె శంకిస్తూనే ఉంటుంది. ఇక్కడికి రాకముందు పదకొండేళ్ళు చౌరస్తా దగ్గర ఒక పెద్ద బట్టల దుకాణంలో, ఆడవాళ్ళు బట్టలు వేసుకుని చూసుకునే గదుల ముందు స్టూలు మీద కూర్చుంది. లోపలికి నాలుగు జతలు పోతే బయటికి నాలుగు రావాలి. ఎవరి నడక మారింది, ఎవరి నడుము లావైంది, ఎవరు అవసరం లేకుండా నవ్వారు — ఇవే ఆమె చదువు. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఆమె మొగుడు కట్టయ్య, “నీకు దేవుని మీద గూడ అనుమానమేనే. గుడికి పోతె గంట సుత అసలుదా కాదా అని కొట్టి చూస్తవ్” అని ఎగతాళి చేస్తాడు. 

ఒకరోజు ఆ గదుల ముందు ఒక పీలపిల్ల కళ్ళు తిరిగి పడిపోతే, చిలుకమ్మ గోల చేయకుండా పరదా దించి, తన ఒళ్ళో తల పెట్టుకుని, చల్లకు చక్కెర కలిపి చెంచాతో పోసింది. చీర కొనడానికి వచ్చిన పద్మలత మేడమ్ అది చూసింది. ఆరేళ్ళ కిందటి మాట.

పదిన్నరకు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. నవ్య వస్తోందని చిలుకమ్మకు చూడకుండానే తెలిసింది. తెలిసినందుకే ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. రెండు నెలల కిందట ఆ పిల్ల మెట్లెక్కితే పిల్లి ఎక్కినట్టుండేది. ఇప్పుడు అడుగడుగూ వినబడుతోంది.

నవ్యకు పదిహేడేళ్ళు. హైదరాబాదులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతూ, క్లాసులో పడిపోతే ఇంటికి పంపేశారు. వరంగల్ బజారులో కిరాణా దుకాణం నడిపే లక్ష్మీనారాయణకు ఒక్కతే కూతురు. తల్లి నిర్మల వెనకాలే వచ్చి, తెరిచి ఉన్న కిటికీని చూసి పైట సర్దుకుని, వీధి కనబడని కుర్చీలో కూర్చుంది.

“మంచిగున్నవా బిడ్డా?”

“ఆఁ, మంచిగున్న ఆంటీ.” నవ్య చక్కగా నవ్వింది. అవసరం కంటే ఒక పిసరు ఎక్కువగానే నవ్వింది.

గోడకు మొహం పెట్టి మిషన్ ఎక్కింది. చిలుకమ్మ వంగి అట్ట ఎత్తింది. బరువు మళ్ళీ పెరిగింది. పోయిన శుక్రవారం పెరిగింది, అంతకుముందూ పెరిగింది. చిలుకమ్మ అంకె రాస్తూ పైకి చూసింది. నవ్య చెదిరిన జుట్టును సర్దుకోవడానికి చేయి ఎత్తింది. మణికట్టు దగ్గరుండాల్సిన సన్నటి బంగారు గాజు జారి జారి మోచేతి దాకా పోయింది. తొలిసారి వచ్చినప్పుడు ఆ గాజు మణికట్టు దాటి అంతదూరం పోయేది కాదు.

మిషన్ ఒకటి చెబుతోంది, గాజు ఒకటి చెబుతోంది.

దిగి కుర్చీలో కూర్చునేముందు నవ్య ఎడమచేత్తో నడుము దగ్గర కుర్తాను మెల్లగా అదుముకుంది. దొంగిలించిన చీర నడుముకు చుట్టుకున్నవాళ్ళు అచ్చం అట్లాగే కూర్చుంటారు.

చీటీ అందిస్తూ లోపలిగదిలో మేడమ్‌తో గొంతు తగ్గించి చెప్పింది. “మేడం, గా తూకం అబద్ధం. పిల్ల నడుముకు ఏదో కట్టుకున్నది. ఒక్కసారి చెయ్యి పెట్టి చూస్తనా?”

పద్మలత మేడమ్ నలభై దాటిన మనిషి. కోపం వచ్చినా గొంతు పెంచదు. కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుస్తుంది. ఇప్పుడూ తుడిచింది.

“నాకూ అనుమానంగనే ఉన్నది చిలుకమ్మా. రక్తపరీక్షలు రాసిచ్చి మూడు వారాలైంది, తండ్రి చేయిస్తలేడు. బరువు పెరుగుతాందిగద, ఇంకెందుకు అంటాండు. ఈ రోజు నేను గట్టిగ మాట్లాడుత. కానీ నువ్వు చెయ్యి పెట్టకు. శ్రీలతను మర్చిపోయినవా?”

చిలుకమ్మ తల దించుకుంది. మరిచిపోలేదు. మూడేళ్ళ కిందట శ్రీలత అనే డిగ్రీ పిల్ల బాత్రూముకు వెళ్ళినప్పుడు ఆమె బ్యాగు తెరిచి చూసింది. అనుమానించినట్టే విరేచనాల బిళ్ళలు దొరికాయి. అనుమానం నిజమైంది గానీ పిల్ల దక్కలేదు. ఆ రోజు మెట్లు దిగిపోయిన శ్రీలత మళ్ళీ రాలేదు. ఫోను ఎత్తలేదు. ఇప్పుడు ఎట్లా ఉందో, అసలు ఉందో లేదో ఎవరికీ తెలియదు.

“అడుగు, వెతకకు” అంది మేడమ్. ఇది రెండో నియమం.

పన్నెండు గంటలకు లక్ష్మీనారాయణ వచ్చాడు. నుదుటి మీద చిన్న కుంకుమబొట్టు, జేబులో రెండు ఫోన్లు. కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

“సోమవారం అమ్మాయిని హాస్టల్ల దింపుతాన మేడం. మార్చిల పరీక్షలు. ఇంట్ల తింటాంది, పళ్ళెం కడిగినట్టు ఖాళీ చేస్తాంది. మీ తూకంల గూడ పెరిగిందని మా ఇంటామె చెప్పింది. ఇంకేం గావాలె?”

“రక్తపరీక్షల రిపోర్టు రాకముందు పంపొద్దు సార్.”

“మీరు వద్దనే అంటరు. పిల్లలు బాగైపోతె ఇక్కడికి ఎవరొస్తరు?” అని, తన మాట తనకే మోటుగా తోచిందేమో, కిటికీ వైపు చూశాడు. “తప్పుగ అనుకోకుండ్రి. వారానికి రెండు దినాలు ముచ్చట పెడితె జబ్బు తగ్గుడు నేను యాడా చూడలె.”

మంచినీళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ చిలుకమ్మకు ‘పళ్ళెం కడిగినట్టు’ అన్న మాట దగ్గరే చెవి ఆగిపోయింది. లోకంలో ఎవరికైనా ఖాళీ పళ్ళెం చూస్తే నిశ్చింత. చిలుకమ్మకు మాత్రం ఖాళీ పళ్ళెం చూస్తే భయం. ఎందుకో ఆమె కట్టయ్యకు కూడా ఎన్నడూ చెప్పలేదు.

మేడమ్ చాలాసేపు మాట్లాడింది. చివరికి లక్ష్మీనారాయణ, మూడున్నరకు వచ్చి ఇద్దరినీ తీసుకుపోతానని, సోమవారం మాత్రం మారదని చెప్పి దుకాణానికి వెళ్ళిపోయాడు.

మంగళ, శుక్రవారాలు ఒంటిగంటకు పిల్లలు ఇక్కడే కలిసి తింటారు. వంట చిలుకమ్మదే. ఆ రోజు అన్నం, పాలకూర పప్పు, బెండకాయ వేపుడు, పెరుగు. నవ్య కాక ఇంకో ఇద్దరమ్మాయిలు వచ్చారు. మేడమ్, చిలుకమ్మ కూడా వాళ్ళతోనే కింద కూర్చుని అవే తింటారు. తినేటప్పుడు తిండి మాట రాకూడదు. చలి గురించి, కాజీపేట వంతెన మీద ఆగిపోయిన బస్సు గురించి మాట్లాడుకున్నారు. ఒకమ్మాయి నాలుగో ముద్ద దగ్గర ఏడ్చింది. మేడమ్ ఆమె పక్కకు జరిగి కూర్చుంది. చిలుకమ్మ అటు చూసి ఇటు తిరిగేసరికి నవ్య పళ్ళెం ఖాళీ అయి ఉంది.

“అయిపోయింది ఆంటీ” అని మళ్ళీ ఆ నవ్వే నవ్వింది నవ్య.

చిలుకమ్మ తను కలిపిన ముద్దను పళ్ళెంలోనే వదిలేసింది.

తిన్నది కక్కేసుకోకుండా, తిన్నాక అరగంట ఎవరూ ఒంటరిగా ఎక్కడికీ పోకూడదు. మిగతా ఇద్దరినీ మేడమ్ లోపలిగదిలోకి తీసుకుపోయింది. నిర్మల కిందికి మందుల షాపుకు వెళ్ళింది. బయటిగదిలో చిలుకమ్మ, నవ్య మిగిలారు. చిలుకమ్మ చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీయసాగింది. నవ్య గడియారం చూసింది. ఫోను చూసింది. మళ్ళీ గడియారం చూసింది.

“నేను బాత్రూంకు పోవాలె.”

“ఇంకొక పావుగంట ఆగు బిడ్డా. లేదంటె నేను తలుపు బయట నిలవడ్త, పాట పాడుకుంట పోయి రా.”

ఆ నవ్వు ఒక్కసారిగా చెరిగిపోయింది. “నన్ను దొంగను చూసినట్టు చూస్తరెందుకు మీరు? పొద్దున్నించి చూస్తాండ్లు. నా నడుము దిక్కే చూస్తాండ్లు.”

లేదని చెప్పబోయింది చిలుకమ్మ. పదకొండేళ్ళు దుకాణంలో అదే చెప్పింది. ‘లేదమ్మా, ఊరికెనే’ అంటూనే నడుము వైపు చూసేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

“అవు బిడ్డా. చూస్తాన” అంది. “దొంగ ఎట్ల కూసుంటదో నాకు తెల్సు. నేను గూడ దొంగనే.”

నవ్య ఆమె వైపు అనుమానంగా చూసింది. చిలుకమ్మ చేతిలోని చిక్కుడుకాయ వైపు చూస్తూ చెప్పింది.

“మాది ములుగు అవతల, అడివిల ఊరు. నాకు పదకొండేండ్లు, మా అక్కకు పదిహేను. ఒకనాడు అన్నం వద్దన్నది. ఎందుకన్నదో ఎవ్వలకు తెల్వది. మా అవ్వ కొట్టింది, బతిమిలాడింది. అటెన్క అక్క పళ్ళెం ముందలేసుకొని కూసునుడు మొదలువెట్టింది. అవ్వ అటు మర్రంగనే పళ్ళెం నా దిక్కు నూకేది. ‘తినవే చిలుకా, ఎవ్వలకు చెప్పకు’ అనేది. ఆ యేడు వానల్లేవు. ఇంట్ల జొన్న గటుక గూడ అందరికి సరిపోయేది కాదు. నేను తిన్న. రోజు తిన్న. అవ్వ ఖాళీ పళ్ళెం చూసి, పెద్దపిల్ల తింటాందని సంబురపడ్డది.”

లోపలిగదిలో ఎవరో సన్నగా మాట్లాడుతున్నారు.

“అక్క మొఖం గుంజుకపోయి, కండ్లు పెద్దగైనై. ఊళ్ళోళ్ళు దేవతొచ్చిందన్నరు. వచ్చి కాళ్ళు మొక్కిండ్లు. నాకు ఒక్కదానికే ఎరుక, దేవత లేదు ఏం లేదు, అక్క తింటలేదు అని. చెప్తె నా ముద్ద పోతదని చెప్పలె.”

“తర్వాత?”

“తర్వాతేమున్నది. ఎండాకాలం దాటలె.”

చిలుకమ్మ ఈనె తీసిన చిక్కుడుకాయనే మళ్ళీ తీస్తోంది. నవ్య ఆమె చేతులనే చూస్తూ కూర్చుంది. చివరికి అడిగింది.

“మీ అక్కకు ఆకలయ్యేదా?”

ఈ నలభై ఏళ్ళలో చిలుకమ్మ తనను తాను ఎన్నో అడుక్కుంది గానీ ఆ ప్రశ్న ఎన్నడూ అడుక్కోలేదు. “ఏమో బిడ్డా. అడగలె” అంది. మళ్ళీ తానే, “నీకు అయితదా?” అంది.

నవ్య లోపలిగది వైపు చూసింది. “అయితది” అంది, ఎవరిదో రహస్యం చెబుతున్నట్టు. “నిద్రల గూడ అయితది. కలల అన్నమే వస్తది. కానీ తింటె... తింటె ఓడిపోయినట్టు ఉంటది ఆంటీ. ఎవరి చేతిల ఓడిపోయిన్నో తెల్వది.” “మేడంకు చెప్తరా?” అని అడిగింది.

“చెప్త. నీకు అబద్ధం ఎందుకు చెప్పాలె? నువ్వు చెప్పకుంటె నేను చెప్త. నువ్వే చెప్తె, నీ పక్కన నిలవడ్త.”

నవ్య లేచింది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ లేచింది. “అటు తిరగుండ్రి” అంది.

చిలుకమ్మ గోడకు మొహం పెట్టి నిలబడింది. పదకొండేళ్ళు పరదాల ముందు కూర్చున్న మనిషి, ఓరకంట కూడా చూడలేదు. వెనకాల ముడి విప్పుతున్న సవ్వడి. ముడి గట్టిగా ఉంది, చాలాసేపు పట్టింది. తర్వాత బల్ల మీద ఇత్తడి పెట్టిన చప్పుడు. ఒకటి. రెండు. కాస్త ఆగి, మూడు.

“మేడం” అని నవ్యే పిలిచింది.

పద్మలత మేడమ్ వచ్చి బల్ల మీద గుండ్రటి తూకపురాళ్ళను చూసింది. నవ్య భుజం మీద చేయి వేసి, “చాలా బరువు మోసినవ్ తల్లీ” అంది.

మిషన్ మళ్ళీ తెచ్చారు. “నాకు అంకె చెప్పొద్దు” అంటూ నవ్య గోడవైపు తిరిగింది. చిలుకమ్మ వంగి అట్ట ఎత్తింది. ఆరేళ్ళలో మొహంలో ఏమీ తెలియనివ్వకుండా ఉండటం ఆమెకు కష్టమైంది ఆ ఒక్కసారే. చీటీ మడిచి అందించింది. మేడమ్ చీటీ చూసి, నవ్య మణికట్టు పట్టుకుని గడియారం వైపు చూస్తూ నిలబడింది. ఒక నిమిషమైంది. మళ్ళీ ఇంకో నిమిషం చూసింది. తర్వాత ఫోను తీసుకుని లోపలికి వెళ్ళి, హైదరాబాదులో తనకు తెలిసిన పెద్ద డాక్టరుతో మాట్లాడింది.

లక్ష్మీనారాయణ అన్న వేళకే వచ్చాడు. “సోమవారం హాస్టల్‌కు కాదు సార్, ఇప్పుడే దవాఖానకు” అంది మేడమ్. “నాడి మరీ మెల్లగ కొట్టుకుంటాంది. ఈ రోజే చేర్పించాలె. బెడ్డు చెప్పిన. టైముకు తెలిసింది, అదే అదృష్టం.”

ఆయన ఏదో అనబోయి బల్ల వైపు చూశాడు. దగ్గరికి వెళ్ళి ఒక రాయిని చేతిలోకి తీసుకున్నాడు. రాయి అడుగున తన తండ్రి పేరులోని మొదటి అక్షరం చెక్కి ఉంది. కంప్యూటర్ కాంటాలు వచ్చాక వాటితో తూచడం మానేసి, పూజలో పెట్టుకుంటున్నారు.

“దీపావళికి పూజల పెడదామంటె కనబడలె” అన్నాడు నెమ్మదిగా. “సారయ్య తీసిండనుకున్న. పదిహేడేండ్ల సంది దుకాణంల పని చేసిన మనిషి. దొంగవని మొఖం మీదనే అని ఎల్లగొట్టిన.” రాయిని రెండు చేతులతో పట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయాడు. పొద్దున నిలబడి మాట్లాడిన మనిషేనా అనిపించింది.

“నాన్నా, సారయ్య తాతకు ఫోన్ చెయ్యి” అంది నవ్య. ఆయన తలూపాడు.

మందుల షాపు నుంచి ఎప్పుడో తిరిగొచ్చి కూతురి పక్కన కూర్చున్న నిర్మల ఫోను అప్పుడే మోగింది. ఆడబిడ్డ. ఎక్కడున్నావంటే రెండు నెలలుగా చెప్పే జవాబు నోట్లోకి వచ్చి ఉంటుంది. నిర్మల కూతురి వైపు చూసింది. “దవాఖానకు పోతానం వదినా. నవ్య తింటలేదు. ఆఁ, చాన రోజులాయె. నీకు అబద్ధం చెప్పిన” అని ఫోను పెట్టేసి, చేతిసంచి తీసుకుంది. ఈసారి కిటికీ వైపు చూడలేదు.

మెట్లు దిగేటప్పుడు చిలుకమ్మ నవ్య మోచేయి పట్టుకుంది. పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు. అంత సన్నటి చేయి. అడుగుల చప్పుడు మళ్ళీ పిల్లి అడుగుల్లా అయింది. కింద కారులో తల్లి పక్కన కూర్చుని, తలుపు వేసేముందు నవ్య తల బయటికి పెట్టింది.

“మీ అక్క పేరేంది ఆంటీ?”

“సమ్మమ్మ.” ఆ పేరు పలికి ఎంతకాలమైందో, నోటికి కొత్తగా తగిలింది.

“మీరు కలిపిన ముద్ద మీరు తినలె ఇయ్యాల. చూసిన నేను” అంది నవ్య. “పోయి తినుండ్రి.”

చిలుకమ్మ నవ్వబోయి నవ్వలేకపోయింది. కారు కళ్ళజోళ్ళ దుకాణం ముందు నుంచి కదిలి, ఆటోల మధ్య మెల్లగా దారి చేసుకుంటూ కాజీపేట వైపు తిరిగింది. ముందు సీట్లో లక్ష్మీనారాయణ తల ఇంకా వంచుకునే ఉన్నాడు. ఒళ్ళో ఆ మూడు రాళ్ళు ఉండి ఉంటాయి. నయమై వస్తుందా? డాక్టర్ల మీద, మందుల మీద, తిరిగి రావడం మీద చిలుకమ్మకు పెద్ద నమ్మకమేమీ లేదు. కానీ ఆ పిల్ల తన పళ్ళెం వైపు చూసింది. ఆ ఒక్కదాన్ని మాత్రం శంకించబుద్ధి కాలేదు.

పైకి వచ్చి వంటింట్లో నిలబడి, చల్లారిన పప్పన్నం కలుపుకుని తింది. పళ్ళెం కడిగి బోర్లించింది. మేడమ్ లోపల ఇంకో తల్లితో మాట్లాడుతోంది. చిలుకమ్మ చీపురు తీసుకుని బయటిగది ఊడ్వసాగింది. నవ్య కూర్చున్న కుర్చీ వెనకాల చీపురుకు మెత్తగా ఏదో తగిలింది. వంగి తీసింది.

పాత చీర అంచుతో కుట్టిన నడికట్టు. ఆకుపచ్చ నూలు చీర, తల్లిదై ఉంటుంది. రెండు పేటల దారంతో, చీమ అడుగుల్లాంటి సన్నని కుట్లు. ఎన్ని మధ్యాహ్నాలు తలుపేసుకుని కుట్టిందో. దానికి వరసగా మూడు చిన్న సంచులు. రాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయాయి. సంచులు మాత్రం ఇంకా గుండ్రంగానే, నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.